సున్నిపెంట, శ్రీశైలం డ్యామ్: చుట్టాలు, యాత్రికులు, రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది సున్నిపెంట. నాన్న ప్రాజెక్టులో పని చేసి ఇక్కడే రిటైరయ్యారు. మామూలు రోజుల్లో మేం ఉన్నామో లేమో పట్టించుకోని చుట్టాలు కూడా జూలై నెల వచ్చిందంటే ఫోన్ మీద ఫోన్ చేస్తారు. అడిగేవన్నీ దాదాపు అవే ప్రశ్నలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఒకచోట రాసి పెట్టేస్తే పోతుందని కూర్చున్నాను.

సున్నిపెంట అంటే శ్రీశైలమేనా?

కాదు. మల్లన్న గుడి ఉన్న ఊరు శ్రీశైలం. అక్కడి నుంచి పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు ఘాట్ రోడ్డు దిగితే మా ఊరు. ఇంకా కిందికి దిగితే డ్యామ్, దాని దిగువన నది ఒడ్డున లింగాలగట్టు. వంతెన దాటితే తెలంగాణ. డ్యామ్ కట్టే ఇంజనీర్లకు, కూలీలకు, మేస్త్రీలకు ఉండటానికి అడవి కొట్టి వేసిన కాలనీయే సున్నిపెంట. కాగితాల మీద ఇప్పటికీ "రైట్ ఫ్లాంక్ కాలనీ" అనే కనిపిస్తుంది, అంటే కుడిగట్టు కాలనీ. పని అయిపోగానే ఎత్తేయాల్సిన క్యాంపు ఇది. డ్యామ్ పూర్తయి నలభై ఏళ్లు దాటింది, క్యాంపు మాత్రం కదల్లేదు.

ఊరి పేరులో ఆ "పెంట" ఏమిటి?

హైదరాబాద్‌లో పుట్టిన మా మేనకోడలికి ఈ పేరు చెప్పడానికే సిగ్గు. నల్లమలలో పెంట అంటే చెంచుల చిన్న పల్లె. నదికి అవతల దోమలపెంట, ఈగలపెంట కూడా ఉన్నాయి, కాగితాల మీద ఈమధ్య వాటి పేర్లు మార్చారు గానీ. దోమలూ ఈగలూ వాళ్లకు పోయాయి కాబట్టి మా పేరే నయం. డ్యామ్ రాకముందు ఈ అడవిలో ఉన్నది చెంచులే. వాళ్ల సంక్షేమం చూసే ఐటీడీఏ ఆఫీసు కూడా మా ఊళ్లోనే ఉంది.

మీది కర్నూలు జిల్లానా, నంద్యాలా?

2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా, ఆత్మకూరు రెవెన్యూ డివిజన్. నోటికి మాత్రం కర్నూలే వస్తుంది. మా తరానికి అది పోదు.

"లెవెల్ ఎంతుంది" అని అడుగుతుంటారు కదా, ఆ లెవెల్ ఏమిటి?

ఈ ఒక్కటి అర్థమైతే మిగతా ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి. లెవెల్ అంటే జలాశయంలో నీటిమట్టం. సముద్ర మట్టం నుంచి అడుగుల్లో లెక్క. నిండితే 885. మా ఊళ్లో పెళ్లిచూపుల్లో కూడా ఈ మాట దొర్లుతుంది. నంద్యాల దగ్గర కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరి వేసే మా చిన్నాయన ఫోన్ చేస్తే బాగున్నావా అని అడగడు.

"ఏరా, లెవెలెంత?"

"ఎనిమిదొందల యాభై ఏడు చిన్నాయనా."

"ఇంకా అంతేనా!"

ఫోన్ పెట్టేస్తాడు. అంతే కాల్.

చాలామందికి తెలియనిది ఒకటుంది. 885 అడుగుల దగ్గర జలాశయంలో సుమారు 215 టీఎంసీల నీళ్లుంటాయి. 854కు దిగితే దాదాపు 90. ఇంకో ఇరవై అడుగులు దిగి 834 దగ్గరికొస్తే 54 దరిదాపుల్లో. అంటే పైన ఉన్న 31 అడుగుల్లోనే సగానికి మించిన నీళ్లున్నాయి. ఎందుకంటే డ్యామ్ దగ్గర కృష్ణ రెండు కొండల మధ్య సన్నటి లోయలో ఉంటుంది. లెవెల్ పెరిగేకొద్దీ నీళ్లు వెనక్కి నందికొట్కూరు, కొత్తపల్లి వైపు చదును నేలల మీదికి పరుచుకుంటాయి. అడుగున గరాటు, పైన తాంబాళం అనుకోండి. అందుకే ఆగస్టులో ఒక్క అడుగు పెరిగితే పండగ, మే నెలలో ఒక్క అడుగు పెరిగినా లెక్కలోకి రాదు.

కట్టినప్పుడు దీని కెపాసిటీ 308 టీఎంసీలు. మిగతాది పూడిక మింగేసింది. పోయిన 92 టీఎంసీలు తక్కువేం కాదు, ఇప్పుడు తుంగభద్ర డ్యామ్ మొత్తం పట్టే నీళ్లే 105 టీఎంసీల చిల్లర.

టీఎంసీ, క్యూసెక్కు తేడా ఏమిటి?

క్యూసెక్కు ప్రవాహం, టీఎంసీ నిల్వ. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే క్యూసెక్కు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు చేరతాయి. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే టీవీ స్క్రోలింగ్ చూసి డ్యామ్ ఎన్ని రోజుల్లో నిండుతుందో మీరే చెప్పొచ్చు. మా అమ్మ పప్పు తాలింపు పెడుతూ నోటితోనే ఈ లెక్క వేస్తుంది.

గేట్లు ఎప్పుడు ఎత్తుతారు? మేం వచ్చేదాకా ఆపగలరా?

రెండో ప్రశ్న నిజంగానే అడిగారు. ఆపలేం.

పైన జూరాల డ్యామ్ నుంచి కృష్ణ, సుంకేసుల బ్యారేజీ మీదుగా తుంగభద్ర కలిసి వచ్చి లెవెల్ 885కు దగ్గరపడితే ఎత్తుతారు. మామూలుగా జూలై ఆఖరు నుంచి అక్టోబర్ లోపు. కొన్నేళ్లు జూలై మొదట్లోనే, కొన్నేళ్లు అసలు లేదు. మొత్తం పన్నెండు గేట్లు. ఒక గేటును పది అడుగులు ఎత్తితే సుమారు 27 వేల క్యూసెక్కులు కిందికి దూకుతాయి. ఎత్తే ముందు కృష్ణమ్మకు పసుపు, కుంకుమ, చీర, సారె సమర్పించి హారతి ఇస్తారు. ఎవరు అధికారంలో ఉన్నా ఆ ఫోటో ఒకేలా ఉంటుంది.

ముందు సైరన్ మోగుతుంది. లింగాలగట్టు వాళ్లకు ఆ శబ్దం చెవిలో పడితే చాలు, ఒడ్డున ఆరేసిన వలలు, పుట్టీలు పైకి లాగేస్తారు. నేను చిన్నప్పుడు మొదటిసారి గేటు లేవడం చూసింది వంతెన పక్క నుంచి. గేటు కదిలినట్టే కనిపించలేదు. దాని కింద మాత్రం తెల్లటి గీత ఒకటి గీసినట్టు వచ్చింది. ఆ గీత మందమైంది. ఆ తర్వాత శబ్దం వచ్చింది, చెవిలో కాదు, ముందు కాళ్లకింద. ఐదు నిమిషాల్లో లోయంతా తుంపర పొగ, చొక్కా తడిసి వంటికి అతుక్కుంది, నాన్న భుజం మీద నుంచి దిగనని ఏడ్చాను. ఇప్పుడు అక్కడికే సెల్ఫీ స్టిక్కులతో వస్తున్నారు.

చూడాలంటే సున్నిపెంట నుంచి లింగాలగట్టుకు దిగే ఘాట్ మలుపుల్లో చూడండి, అక్కడి నుంచి డ్యామ్ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. శని, ఆదివారాలు వద్దు. గేట్లెత్తిన మొదటి ఆదివారం కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి, మధ్యలో తిప్పుకోవడానికి జాగా ఉండదు. పొద్దున్నే ఏడు గంటలకు అక్కడుంటే మీరు, కోతులు, టీ కొట్టాయన, అంతే. నది అంచుకు దిగొద్దు. మెట్లకు పాచి ఉంటుంది, నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి.

కరెంటు ఎంత తయారవుతుంది? అది ఎవరిది?

కుడిగట్టు కేంద్రం ఆంధ్రప్రదేశ్‌ది. 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, మొత్తం 770. ఎడమగట్టు కేంద్రం తెలంగాణది. అది కొండ లోపల, భూగర్భంలో ఉంది. 150 మెగావాట్లవి ఆరు, మొత్తం 900. రెండూ పూర్తిగా తిరిగితే రోజంతా 65 వేల క్యూసెక్కుల దాకా నీళ్లు కింద నాగార్జునసాగర్ వైపు పోతాయి.

ఎడమగట్టు యూనిట్లకు ఇంకో విద్య ఉంది. వాటిని తిరగేసి నడిపితే కింద నుంచి నీళ్లను మళ్లీ పైకి తోడతాయి. కరెంటు మిగిలినప్పుడు తోడుకుని, గిరాకీ ఉన్నప్పుడు వదిలి కరెంటు చేసుకోవచ్చన్నమాట. 2020 ఆగస్టు 20 రాత్రి అగ్నిప్రమాదం జరిగింది ఆ భూగర్భ కేంద్రంలోనే. తొమ్మిది మంది చనిపోయారు. ఇంట్లో డ్యూటీకి పోయే మనిషి ఉన్న ప్రతి క్వార్టర్‌లోనూ ఆ వారం అన్నం సయించలేదు, గట్టు ఏదైతేనేం.

పవర్‌హౌస్ లోపలికి పోయి చూడొచ్చా అంటే, ముందుగా అనుమతి తీసుకోకుండా గేటు కూడా దాటనివ్వరు. "మా మామయ్య ఇక్కడే పని చేసేవాడు" అంటే సెక్యూరిటీవాళ్లు నవ్వుతారు.

డ్యామ్ పక్కనే ఉంటారు కదా, మీకు కరెంటు పోదేమో?

పోతుంది. హాయిగా పోతుంది. ఇక్కడ పుట్టిన కరెంటు హైటెన్షన్ లైన్లలో ఎక్కడికో పోయి, మాకు అందరిలాగే స్తంభాల మీద తిరిగొస్తుంది. గాలివానకు అడవిలో ఒక చెట్టు లైన్ మీద పడిందంటే, కింద టర్బైన్లు గిర్రున తిరుగుతుంటే మేం కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటాం. తాగునీళ్లూ అంతే. నది కింద లోయలో, ఊరు పైన కొండ మీద. మోటారుతో తోడితేనే కుళాయిలో చుక్క పడేది. మోటారు కాలిందంటే టెన్షన్ మొదలు. ఒక వేసవిలో పదకొండు రోజులు ట్యాంకర్ నీళ్లే గతి అయ్యింది. కాల్వల్లో నీళ్లు లేవని అడిగే చుట్టానికి ఆ సంగతి చెబితే నమ్మలేదు.

డ్యామ్ మా సీమలోనే ఉంది కదా, నీళ్ల కోసం సీమవాళ్లు ఎందుకు కొట్లాడాలి?

చిన్నాయన ప్రశ్న ఇది. కాస్త ఓపికగా చదవండి.

మొదట దీన్ని మంజూరు చేసింది జలవిద్యుత్ ప్రాజెక్టుగా. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు దీనికి సాగునీటి కాలువ లేదు. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ దీనికి చూపించింది కూడా ఆవిరి నష్టం కింద 33 టీఎంసీలు మాత్రమే. ఇక్కడ కరెంటు చేసి, ఆ నీళ్లను కింద నాగార్జునసాగర్‌కు వదలడమే అసలు ఆలోచన. సీమకు కాలువలు తర్వాత వచ్చాయి.

ఆ కాలువలకు నోరు డ్యామ్ దగ్గర లేదు. ఎగువన పోతిరెడ్డిపాడు దగ్గర ఉంది. అక్కడి నుంచి నీళ్లు బనకచర్లకు చేరి మూడు దారులు పడతాయి: ఒకటి వెలుగోడు మీదుగా తెలుగుగంగ, ఒకటి ఎస్సార్బీసీ (శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ), గాలేరు-నగరి వైపు, మధ్యలోది నిప్పులవాగు మీదుగా కుందూ నదిలోకి. మదరాసు తాగునీటికి మహారాష్ట్ర, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామని ఒప్పుకున్న 15 టీఎంసీలకూ దారి ఇదే. హంద్రీ-నీవా కాలువకైతే మల్యాల దగ్గర మోటార్లతో ఎత్తి పోస్తారు. అనంతపురం చెరువుల దాకా పోయే నీళ్లు అవే.

చిక్కు లెవెల్‌తో వస్తుంది. పోతిరెడ్డిపాడుకు నీళ్లు అందడం మొదలయ్యేదే 841 అడుగుల దగ్గర. అప్పుడు కూడా సన్నటి ధార. 44 వేల క్యూసెక్కులకు వెడల్పు చేశారని గొప్పగా చెబుతారు గానీ, అంత పారాలంటే డ్యామ్ నిండుకుండలా ఉండాలి. కరెంటు కోసం వదిలితే లెవెల్ దిగిపోతుంది. ఆ నీళ్లు వృథా కావు, సాగర్ కింద పొలాలకు పనికొస్తాయి. కానీ సీమకు వెనక్కి రావు. అందుకే కనీస మట్టం ఎంత ఉండాలన్నదే ఇక్కడ రాజకీయం. 1996లో 834 అన్నారు, 2004లో 854కు పెంచారు. కాగితం మీద ఉన్న మట్టం ఏటా నీళ్లలో నిలబడదు. రాష్ట్రం రెండయ్యాక తగువు ఇంకో అంతస్తు ఎక్కింది.

ఎగువన సిద్ధేశ్వరం దగ్గర నదికి అడ్డంగా అలుగు కడితే డ్యామ్ దిగినా సీమ వైపు నీళ్లు నిలుస్తాయన్నది ఇక్కడి రైతుల పాత డిమాండ్. 2016 మే 31న రైతులే వేలమంది తరలిపోయి తమ చేతులతో శంకుస్థాపన రాయి వేశారు. చిన్నాయన కూడా పోయాడు. ఎండకు సొమ్మసిల్లి ఆత్మకూరులో సెలైన్ ఎక్కించుకుని వచ్చాడు. నా మటుకు నేను ఇంజనీర్‌ను కాను, కానీ ఇంటి వాకిట్లో చెరువు పెట్టుకుని బిందె పట్టుకుని పక్కూరికి పోవడం ఏ లెక్కలో న్యాయమో నాకు ఎక్కదు.

2009లో ఏమైంది? డ్యామ్ మీద నుంచి నీళ్లు పోయాయంటారు?

2009 అక్టోబర్ మొదటి వారం. ఎగువన కుండపోత, తుంగభద్ర, కృష్ణ రెండూ ఒకేసారి పొంగాయి. డ్యామ్‌లోకి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం అలా ఒక రోజంతా వస్తే 216 టీఎంసీలు, అంటే ఖాళీ డ్యామ్ ఒక్క రోజులో నిండుతుంది. లెవెల్ 885 దాటి 896 అడుగుల పైకి పోయింది. పన్నెండు గేట్లూ ఎత్తే ఉన్నాయి. గాంధీ జయంతి రోజు కర్నూలు పట్టణం మునిగింది. మా ఊరు కొండ మీద ఉంది కాబట్టి నీళ్లు రాలేదు, నిద్రా రాలేదు. రాత్రంతా నాన్న గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని ఫోన్ పట్టుకు కూర్చున్నారు. ప్రతి గంటకూ ఎవరో ఒకరు లెవెల్ చెబుతుంటే పాత కరెంటు బిల్లు వెనక రాసుకున్నారు. ఆ బిల్లు ఇప్పటికీ బీరువాలో ఉంది. డ్యామ్ నిలబడింది.

తుంగభద్ర గేటు కొట్టుకుపోయినట్టు ఇక్కడా పోతుందా?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు చైన్ తెగి పోయాక ఈ ప్రశ్న వంద సార్లు విన్నాను. రెండు చోట్లా గేట్ల తీరు వేరు. అక్కడివి గాడిలో నిలువుగా లేచే తలుపులు. ఇక్కడివి విల్లులా వంగిన రేడియల్ గేట్లు, నీటి బరువు వెనకనున్న ఇనుప చేతుల గుండా స్తంభాల్లోకి పోతుంది. అందుకని పట్టించుకోకపోయినా పర్లేదని కాదు. ఇక్కడ తెలిసినవాళ్లు భయపడేది గేట్ల గురించి తక్కువ, కింద పడిన గుంత గురించి ఎక్కువ. గేట్ల నుంచి దూకే నీళ్లు ఏళ్ల తరబడి డ్యామ్ ముందు నది అడుగును తొలిచి పెద్ద మడుగు చేశాయి. దాన్ని ప్లంజ్‌పూల్ అంటారు. దాని మరమ్మతు మాట ప్రతి ఏడూ వినిపిస్తుంది, వరద రాగానే మునిగిపోతుంది.

ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయంటారు, నిజమేనా?

నిజం. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు అటూ ఇటూగా ఊళ్లు పోయాయి. కృష్ణ ఒడ్డు ఒండ్రు నేలలవి. 1981లో ఖాళీ చేయించడం ఎలా జరిగిందో కొత్తపల్లి వైపు ముసలివాళ్లను అడిగితే గొంతు మారుతుంది. పోలీసులను, బుల్‌డోజర్లను పెట్టి ఇళ్లు కూల్చారు. ఇంటికో ఉద్యోగమని 1986లో వచ్చిన 98 జీవో కోసం ఎదురుచూస్తూనే చాలామందికి వయసైపోయింది. లైట్లు పెట్టిన డ్యామ్‌ను చూడటానికి వాళ్లు రారు.

గుళ్లు కొన్నింటిని రాయి రాయి విప్పి ఎత్తైన చోట మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురానికి, రూపాల సంగమేశ్వరుడు కర్నూలు జగన్నాథగట్టుకు చేరారు.

నీళ్లలోంచి బయటికొచ్చే గుడి ఏది? ఎప్పుడు చూడొచ్చు?

సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరం. లెవెల్ బాగా దిగితే శిఖరం, ఇంకా దిగితే గుడి మొత్తం తేలుతుంది. లోపల వేప మొద్దు శివలింగం, ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే నాని కూడా చెక్కుచెదరలేదు. వేసవిలో పోవాలి. కార్యక్రమం ఖరారు చేసుకునేముందు ఏం చూడాలో మీకు తెలుసు: లెవెల్.

కర్నూలు నుంచి ఎలా రావాలి?

నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి కాకి దారిన మేం చాలా దగ్గరే. మధ్యలో నల్లమల ఉంది కాబట్టి దోర్నాల దాకా పోయి చుట్టి రావాలి. ఉగాదికి కన్నడ భక్తులు మాత్రం నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా ఆ అడవి దారినే కాలినడకన వస్తారు, పాదాలకు ఆకులు కట్టుకుని. రైలు అయితే మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దిగాలి.

పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు ఘాట్ రోడ్డు చెక్‌పోస్టులు మూసేస్తారు. తొమ్మిదీ అయిదుకు దోర్నాలలో ఆగిపోయి నాకు ఫోన్ చేయకండి, నేను చేయగలిగింది ఏమీ లేదు. శివరాత్రికి గుడి దగ్గర గది దొరక్క అందరూ సున్నిపెంటకు దిగుతారు. అప్పుడు మా వరండా కూడా ఖాళీ ఉండదు.

ఊళ్లోకి చిరుతలు వస్తాయా?

వస్తాయి. ఎలుగుబంట్లు కూడా. రాత్రి పూట కుక్కలు ఒక్కసారిగా మొరగడం మానేస్తే లోపలికి పోవాలని ఇక్కడి పిల్లలకు తెలుసు.

చేపలు ఎక్కడ బాగుంటాయి?

లింగాలగట్టులో. బొచ్చె, శీలావతి, జెల్ల దొరుకుతాయి. పొద్దున్నే పుట్టి ఒడ్డుకు చేరే వేళకు పోతే ఇంకా కదిలే చేపను తెచ్చుకోవచ్చు. రోడ్డు పక్క వేయించి అమ్మే దాంట్లో కారం మాత్రం నిజమైన కర్నూలు కారం. గుడికి పోయేవాళ్లు దర్శనం అయ్యాకే ఇటు దిగుతారు.

అక్కడ ఇల్లు కొనుక్కోవచ్చా?

కొనడానికి మాదే మాది కాదు. కాలనీ క్వార్టర్లు ప్రభుత్వానివి, చుట్టూ ఉన్నది అడవి. ముప్పై నలభై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు కూడా చేతిలో పట్టా లేదు. రిటైరైన వాళ్లలో కొందరు పిల్లల దగ్గరికి పోయారు, కొందరు మా నాన్నలా పోలేదు. ఖాళీ క్వార్టర్ల పైకప్పులు కూలుతున్నాయి, గోడల్లో రావి మొలిచింది. పెరళ్లలో ఎవరో ఎప్పుడో నాటిన మామిడి చెట్లు మాత్రం ఇప్పటికీ విరగ్గాస్తాయి. పండేదాకా కోతులు ఉంచితే ఈ ఏడు మీకూ ఒక బుట్ట పంపిస్తాను.